పడకగదిలో కెమెరా: పద్నాలుగు నెలల తర్వాత

నిద్రలో తన్నారని మా ఆవిడ చెప్పినప్పుడల్లా నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకు గుర్తు లేదు కనుక జరగనే లేదని నా వాదన. ఒక పొద్దున మోచేతి మీద కమిలిన మచ్చ చూపించేసరికి నోరు పెగల్లేదు. ఆ వారమే కెమెరా కొన్నాం. పద్నాలుగు నెలలుగా అది బీరువా మీదే ఉంది.

ఇంటి కాపలాకు వాడే మామూలు కెమెరాయే. చీకట్లో చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి. 850 నానోమీటర్ల దీపాలతో బొమ్మ బాగా వస్తుంది గానీ మసగ్గా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. 940 నానోమీటర్లవైతే కంటికి ఆనవు. తెలియక మొదటి రకం తెచ్చాను. ఆ ఎర్రచుక్కల్ని చూస్తూ వారం రోజులు సరిగా కన్ను మూయలేదు. రోగాన్ని పట్టుకుంటుందని తెస్తే నిద్రను పట్టుకుపోయింది! రెండో రకానికి మారాక ఆ బాధ తప్పింది.

నన్ను నేను మొదటిసారి చూసుకున్న వీడియో ముక్కలో సమయం 4:10. ముఖం నాదే, గొంతు మాత్రం ఎవరిదో అనిపించింది. ఎవరినో అదిలిస్తూ గాల్లోకి పిడికిలి విసురుతున్నాను. కళ్ళు మూసే ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

పన్నెండు ముక్కలు ఏరి డాక్టరుకు చూపించాను. ఆయన నా చేతుల కంటే ముందు తెర మూలనున్న గడియారం చూశారు. రాత్రి మొదటి మూడో వంతులో, కళ్ళు తెరిచి, అయోమయంగా లేచి కూర్చున్నా నడిచినా అది సాధారణంగా గాఢనిద్రలోంచి వచ్చేదట. తెల్లవారుజామున కళ్ళు మూసుకుని కలలోని కొట్లాటను ఒంటితో ఆడితే రెమ్ నిద్రను, అంటే కలలు ఎక్కువగా వచ్చే దశను, అనుమానిస్తారు. ఒకే కదలిక అచ్చుగుద్దినట్టు రాత్రికి పలుమార్లు వచ్చి, కొద్ది క్షణాల్లో ముగిసిపోతుంటే మూర్ఛ కోసం వెతుకుతారు. రెమ్ నిద్రలో కండరాలు పట్టు వదిలేసి ఉండాలి. ఆ కట్టడి తప్పినవారి గురించి 1986లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు ప్రత్యేక రుగ్మతగా రాశారు. చాలామందిలో అది ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్ వంటి జబ్బులకు ముందస్తు గుర్తు కూడా. ఆ మాట విన్న రాత్రి కెమెరాకు పని పడలేదు, ఇద్దరం మేలుకునే ఉన్నాం.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: చెయ్యి లేవడానికి ముందు ఏం జరిగింది? మెమరీ కార్డు త్వరగా నిండుతుందని, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే అమరికలో పెట్టాను. చెయ్యి లేచాకే అది మేలుకునేది. ఈ పని కోసం కొనేవాళ్ళు ముందుగా ఆ అమరిక తీసేయండి. పెద్ద కార్డు వేసి, రాత్రంతా శబ్దంతో సహా తీయండి.

అలా తీసిన రెండో రాత్రే సంగతి బయటపడింది. గురక, గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. పొట్టా ఛాతీ ఎగసిపడుతున్నాయి, ఊపిరి చప్పుడు మాత్రం లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టాను, 34 సెకన్లు. పది సెకన్లు ఆగినా లెక్కలోకి వస్తుందట. ఆపైన ఒక్క ఉదుటున గాలి పీల్చాను, ఆ ఊపులోనే పిడికిలి లేచింది.

వీడియో చూసి జబ్బు తేల్చేయలేరు. మెదడు తరంగాలు, గడ్డం కింది కండరం బిగువు, రక్తంలో ఆక్సిజన్ కెమెరాకు అందవు. స్లీప్ ల్యాబులో ఒంటినిండా తీగలతో ఒక రాత్రి పడుకోక తప్పలేదు. ఊపిరికి అడ్డంకి గంటకు 46 సార్లు, 30 దాటితేనే తీవ్రం అంటారు. రెమ్ నిద్రలో కండరాలు పద్ధతిగానే పట్టు వదిలాయి. నాది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు; తీవ్రమైతే అది ఒక్కోసారి ఆ రెమ్ నిద్ర రుగ్మత వేషం వేస్తుందని అప్పుడు చెప్పారు. తమాషా ఏమిటంటే, ల్యాబులో నేను ఒక్కసారి కూడా చెయ్యి విసరలేదు. ఇంటి వీడియో లేకుంటే నా పిడికిలి సంగతి వాళ్ళు నోటిమాటగా వినడమే.

చికాకులు లేకపోలేదు. ఫ్యాను హోరులో గురక మునిగిపోతుంది, కెమెరాను తల వైపు జరపాల్సి వచ్చింది. దుప్పటి మెడదాకా కప్పుకుంటే ఛాతీ కదలిక తెలియదు. ప్లగ్గు తీసి పెడితే గడియారం 1970కి వెళ్ళిపోతుంది, అన్నిటికంటే విలువైనది ఆ గడియారమే మరి. కార్డు నిండితే పాతవాటిని చెరిపేస్తుంది. ఒక మంచి రాత్రి, అంటే చెడ్డ రాత్రి, అలా పోయింది. ఇంటర్నెట్‌కు కలపలేదు, అది ఆవిడ పెట్టిన షరతు. మంచం మీద ఆవిడా ఉంటుంది కదా. ఆవిడ గురకా రికార్డయింది, ఆ ఊసు నేనెత్తలేదు.

ఇప్పుడు సీప్యాప్ మాస్కుతో, అంటే గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే యంత్రం మాస్కుతో, పడుకుంటున్నాను. నెలకొక రాత్రి మాత్రం కెమెరా వేస్తాం. అయిదింటి ప్రాంతంలో మాస్కు పక్కకు జారి గాలి బుసకొట్టడం కిందటి నెల అందులోనే కనిపించింది. పట్టీ ఒక గడి బిగించాను.