పాత మియాటాకు ఇంటి గ్యారేజీలో క్లచ్ మార్పు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

నా కారు 1999 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5. అమెరికాలో దీన్ని మియాటా అంటేనే ఎక్కువ మందికి తెలుస్తుంది. ఇంజిన్ 1.8 లీటర్లు, సామర్థ్యం 140 హార్స్‌పవర్, గేర్లు ఐదు. డాలస్‌లో 75, 635 రహదారులు కలిసే హై ఫైవ్ కూడలి దగ్గర, నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగేది గానీ బండి వేగం మాత్రం పెరిగేది కాదు. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేట్ అరిగిపోయిందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. మా ఇంటి గ్యారేజీలోనే దాన్ని మార్చి, కొన్నేళ్లుగా అదే క్లచ్‌తో ఆఫీసుకు తిరుగుతున్నాను కనుక, కాలం గడిచాక తేలిన మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను.

నేను వాడినది క్లచ్‌లు తయారుచేసే ఎక్సెడీ వారి మామూలు కిట్. 215 మిల్లీమీటర్ల క్లచ్ ప్లేట్, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టును వదిలించే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ప్లేట్‌ను మధ్యకు నిలపడానికి ఒక ప్లాస్టిక్ కడ్డీ అందులో వచ్చాయి. ఈ కారులో క్లచ్ మార్చడమంటే నిజానికి గేర్‌బాక్స్ దించి మళ్లీ ఎక్కించడమే. బయట మెకానిక్ తీసుకునే డబ్బులోనూ పెద్ద వాటా ఆ కూలిదే. అందువల్ల గేర్‌బాక్స్ దించితే తప్ప చెయ్యి చేరని ప్రతి భాగాన్నీ అదే విడతలో, మంచి రకం చూసి మార్చాలన్నది మొదటే పెట్టుకున్న నియమం. ఇంతకాలం వాడాక ఆ నియమం సరైనదేనని ఇంకా గట్టిగా అనిపిస్తోంది.

మియాటాలో గేర్‌బాక్స్‌నూ వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పొడవాటి అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అనే ఈ చట్రాన్ని విప్పనిదే గేర్‌బాక్స్ కదలదు. విప్పగానే డిఫరెన్షియల్ ముక్కు కిందికి వాలుతుంది, ఇంజిన్ వెనక్కి ఒరుగుతుంది. కాబట్టి రెండింటి కిందా ముందే ఆధారం పెట్టుకోవాలి, ఇంజిన్ వెనుక ఉన్న కాయిల్, హీటర్ గొట్టాలు నలగకుండా చూసుకోవాలి. అయితే ఆ ఒరుగు వల్ల ఒక మేలు కూడా ఉంది: గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించే పై బోల్టులు అప్పుడే కాస్త అందుతాయి. అందుతాయన్న మాటే గానీ, వెనుక నుంచి మూరల కొద్దీ ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఒకదానికొకటి తగిలించి, చివర వంగే జాయింటు, 17 ఎంఎం సాకెట్ పెట్టి, కంటికి కనబడని బోల్టు తలను చేతి స్పర్శతో వెతుక్కోవాలి. మొత్తం పనిలో ఓపికను పరీక్షించేది ఈ ఘట్టమే. ఎగ్జాస్ట్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టార్టర్ మోటార్ విప్పడం దీని ముందు లెక్కలోకి రావు.

నాలుగు స్టాండ్ల మీద బండిని బాగా ఎత్తుగా నిలపడం, గేర్‌బాక్స్ కోసం ప్రత్యేకమైన జాకీ వాడటం, ఈ రెండింటిలో రాజీ పనికిరాదు. ఛాతీ మీద మోసి ఎక్కించామని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల నడుముల సంగతి వాళ్లకే తెలియాలి. ప్రమాదం మాట అటుంచినా, ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు క్లచ్ ప్లేట్‌లోకి దూరే దాని ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడితే కొత్త ప్లేట్ వంగి, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడవకపోవచ్చు.

లోపలి భాగాల్లో పైలట్ బేరింగ్‌ను నిర్లక్ష్యం చేయకూడదు. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ చివర గుంటలో కూర్చునే ఈ చిన్న బేరింగ్‌ను బయటికి తీయడానికి పనిముట్లు దొరుకుతాయి, కానీ తడిపిన బ్రెడ్డు ముక్కలు చాలు. బేరింగ్ రంధ్రంలో బ్రెడ్డు కూరి, రంధ్రానికి సరిగ్గా సరిపోయే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టి, మళ్లీ కూరి మళ్లీ కొడుతూ పోతే, వెనుక పేరుకున్న ముద్ద ఒత్తిడికి బేరింగ్ మెల్లగా బయటికి జరుగుతుంది. గ్రీజుతోనూ ఇదే పని జరుగుతుంది గానీ బ్రెడ్డు అయితే తుడుచుకోవడం తేలిక. క్లచ్ ఆనుకునే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ విప్పాం కనుక క్రాంక్‌షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్ కూడా అప్పుడే మార్చాను, ఎందుకంటే ఆ సీల్ కారి నూనె అంటితే కొత్త ప్లేటైనా జారిపోతుంది. వేడికి నల్లమచ్చలు పడిన ఫ్లైవీల్‌ను మెషిన్ షాపులో సాపు చేయించి, దాని బోల్టులను టార్క్ రెంచితో సుమారు 100 న్యూటన్ మీటర్లకు బిగించాను. పవర్ ప్లాంట్ ఫ్రేమ్‌ను తిరిగి బిగించేటప్పుడు దాని ఎత్తును సర్వీస్ మాన్యువల్ చెప్పినట్టు కొలిచి సరిచేసుకోవాలి. లేకపోతే హైవే వేగంలో బండి వణుకుతుంది.

ఇక వాడకం విషయానికి వస్తే, మొదటి 500 మైళ్లు ఊళ్లోనే నెమ్మదిగా నడిపి ప్లేట్‌ను కుదురుకోనిచ్చాను. పెడల్ బరువు అసలు క్లచ్ లాగే తేలికగా ఉంది. సాయంత్రపు రద్దీలో గంటసేపు ఆగుతూ సాగుతూ వచ్చినా ఎడమ కాలు నొప్పి పెట్టదు. ఏ గేరులోనూ జారడం లేదు. రిలీజ్ బేరింగ్ ఇప్పటికీ నిశ్శబ్దంగానే ఉంది. స్పోర్ట్ రకం అంటూ సిరామిక్ పలకలతో వచ్చే క్లచ్‌లు ఈ కారుకు అనవసరమని నా అభిప్రాయం. టర్బో బిగించి శక్తి పెంచుకున్నవారికి వాటి అవసరం ఉండవచ్చు, 140 హార్స్‌పవర్‌కు మాత్రం ఆ కుదుపును రోజూ భరించడంలో అర్థం లేదు.

తర్వాతి కాలంలో ఇబ్బంది పెట్టిన ఒకే ఒక్క భాగం, పెడల్ తొక్కినప్పుడు ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే, గేర్‌బాక్స్‌కు బయట ఉండే స్లేవ్ సిలిండర్. విడిగా కొన్న చౌక రకం అది. లోపలి రబ్బరు పాడై ద్రవం కారడంతో ఒక ఉదయం పెడల్ తొక్కితే నేలకు అంటుకుపోయి పైకి రాలేదు. రెండు బోల్టులు విప్పితే ఊడి వచ్చే భాగమే కనుక గేర్‌బాక్స్ దించే పని పడలేదు. మా ఆవిడ పెడల్ తొక్కుతూ ఉంటే నేను కింద నుంచి ద్రవంలో చేరిన గాలిని తీసేశాను, పని త్వరగానే తెమిలింది. అయినా ఈ కార్లలో తరచుగా పోయేది ఇదేనని తెలిసిందే కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు దీన్నీ, దాని రబ్బరు గొట్టాన్నీ మేలు రకంవే తీసుకోవాలి. గేర్ లీవర్ అడుగున ఉండే చిన్న రబ్బరు తొడుగు కూడా అలాంటిదే. అది చిరిగితే గేర్‌బాక్స్ వేడి, నూనె వాసన నేరుగా క్యాబిన్‌లోకి వస్తాయి. డాలస్ ఎండల్లో అది చిన్న విషయం కాదు.

కొత్త క్లచ్‌తో గేర్లన్నీ వెన్నలా పడతాయని మాత్రం ఆశించవద్దు. చలికాలం ఉదయాల్లో రెండో గేరు మొరాయించడం ఈ గేర్‌బాక్స్‌కు మొదటి నుంచీ ఉన్న గుణం, దానికి కారణం క్లచ్ కాదు, గేర్లు కలిసే ముందు వాటి వేగాలను సమం చేసే సింక్రోనైజర్. పనిలో పనిగా జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 గేర్ నూనె పోశాక ఆ మొరాయింపు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు కనుక, మొదటి మైలు రెండు మైళ్లు నూనె వేడెక్కేదాకా రెండో గేరును తొందరపెట్టకుండానే నడుపుతున్నాను.