ఇరవై దాకా లెక్క తప్పనివారి డెక్: రూబీ స్టార్మ్‌పై ఒక సమీక్ష

రమ్మీ ఆడేవారిలో రెండు రకాలవారు కనిపిస్తారు. ఎదుటివారు ఎత్తిన ముక్కనూ పారేసిన ముక్కనూ గమనిస్తూ వారి చేతిలో ఏముందో అంచనా వేసేవారు మొదటి రకం. ఎవరి జోలికీ పోకుండా తమ పదమూడు ముక్కలూ కలిసేదాకా ఓపిక పట్టి, కలిసిన మరుక్షణం షో కొట్టేవారు రెండవ రకం. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కాంబో డెక్, అంటే కావలసిన కార్డులు కలిసిన వంతులోనే ఆట ముగించే పేక, పట్టుకునేవారు ఈ రెండవ రకానికి చెందినవారు. నేనూ ఆ రకమే కనుక, ఏడాదికి పైగా శుక్రవారం సాయంత్రాలు డాలస్ శివార్లలోని ఒక కార్డుల దుకాణంలో ఆడుతూ వచ్చిన రూబీ స్టార్మ్ డెక్‌ను గురించి, దాన్ని కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇది మోడర్న్ ఫార్మాట్ డెక్. అంటే 2003లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ నుంచి ఆ ఫార్మాట్‌లో చెల్లే సెట్లలోని కార్డులతో కట్టుకోవాలి; అసలు డెక్‌లో కనీసం 60 కార్డులు, ఆటకూ ఆటకూ మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే సైడ్‌బోర్డులో 15 వరకు ఉండవచ్చు. స్టార్మ్ అనే గుణం కూడా 2003లోనే స్కర్జ్ సెట్‌తో వచ్చింది. ఆ గుణమున్న స్పెల్ (భూముల కార్డులిచ్చే మానా అనే శక్తిని ఖర్చు పెట్టి వేసే కార్డు) వేసినప్పుడు, ఆ వంతులో దానికి ముందు ఎన్ని స్పెల్లు పడ్డాయో అన్ని నకళ్లు దానికి పుట్టుకొస్తాయి. వినడానికి ఇంత సాదాగా ఉన్న ఈ నియమం ఆట రూపకర్తలను ఎంత ఇబ్బంది పెట్టిందంటే, ఏ పాత గుణం మళ్లీ కొత్త సెట్లలోకి రావడం ఎంత కష్టమో చెప్పడానికి ప్రధాన రూపకర్త మార్క్ రోజ్‌వాటర్ వాడే కొలమానానికి స్టార్మ్ స్కేల్ అన్న పేరే స్థిరపడిపోయింది. మోడర్న్‌లోనూ దీని కాళ్లకు ఒక్కొక్కటిగా సంకెళ్లు వేస్తూనే వచ్చారు: 2011లో రైట్ ఆఫ్ ఫ్లేమ్, 2013లో సీతింగ్ సాంగ్, 2017లో గిటాక్సియన్ ప్రోబ్ నిషేధానికి గురయ్యాయి.

ఇన్ని దెబ్బలు తిన్న డెక్ మళ్లీ లేచి కూర్చోవడానికి కారణం 2024 జూన్‌లో విడుదలైన మోడర్న్ హొరైజన్స్ 3 సెట్. ఎప్పుడో 1997లో టెంపెస్ట్ సెట్‌లో వచ్చిన రూబీ మెడాలియన్ అనే కార్డును అందులో మళ్లీ ముద్రించడంతో అది మొదటిసారి మోడర్న్‌లోకి అడుగుపెట్టింది. రెండు మానాతో బల్ల మీద పెట్టుకునే ఈ వస్తువు మన ఎర్ర స్పెల్లన్నిటి ఖర్చునూ ఒక్కొక్క మానా తగ్గిస్తుంది. అంతకుముందు ఇదే పనిని గోబ్లిన్ ఎలక్ట్రోమాన్సర్, బరాల్ వంటి ప్రాణులు చేసేవి. ప్రాణి అంటే ఎదుటివాడి ఒక్క లైట్నింగ్ బోల్ట్‌కు బూడిదయ్యేదే. మెడాలియన్ ప్రాణి కాదు కనుక, ప్రాణులను చంపే కార్డులు ఎన్ని పట్టుకున్నా అవి దానిముందు చెల్లని నోట్లే. డెక్ బలమంతా ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ బలం ఎలా పనిచేస్తుందో మాటల్లో చెప్పడం కన్నా ఒక చేతిని విప్పి చూపడం మేలు. మనమే మొదట ఆడుతున్నామని, మూడవ వంతుకు వచ్చామని అనుకుందాం. అప్పటికి మన కంట పడిన కార్డులు తొమ్మిది: మూడు మౌంటెన్ భూములు, రెండవ వంతులో పెట్టిన మెడాలియన్, ఇక చేతిలో పైరెటిక్ రిచువల్, డెస్పరేట్ రిచువల్, మానామోర్ఫోస్, పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్, విష్. భూముల నుంచి మూడు మానా వస్తాయి. మామూలుగా రెండు మానా పెడితే మూడు ఇచ్చే రిచువల్, మెడాలియన్ పుణ్యాన ఒక్కటి తీసుకుని మూడిస్తుంది కనుక, మొదటి రిచువల్‌తో మన లెక్క ఐదుకు, రెండవదానితో ఏడుకు చేరుతుంది. మానామోర్ఫోస్ ఒకటి తీసుకుని రెండిస్తూ పైగా ఒక కార్డు చేతికందిస్తుంది; లెక్క ఎనిమిది. అప్పుడు మూడు మానా పెట్టి పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ వేస్తే, వాడేసిన కార్డులు చేరే గ్రేవ్‌యార్డులో పడి ఉన్న ఆ మూడు కార్డులకూ మళ్లీ ఒకసారి వాడుకునే ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. మిగిలిన ఐదు మానా అవే కార్డులతో ఏడు, తొమ్మిది, పది అవుతాయి. ఇప్పటికి ఏడు స్పెల్లు పడ్డాయి.

ఇక విష్. రెండు మానాతో అది ఎనిమిదవ స్పెల్‌గా పడి, సైడ్‌బోర్డు నుంచి గ్రేప్‌షాట్‌ను ఆడుకోనిస్తుంది. ఒక్క మానాతో తొమ్మిదవ స్పెల్‌గా పడిన గ్రేప్‌షాట్‌కు ఎనిమిది నకళ్లు పుడతాయి. తలా ఒక దెబ్బ చొప్పున మొత్తం తొమ్మిది. చేతిలో ఇంకా ఏడు మానా ఉంది. పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్‌కు తనదైన ఫ్లాష్‌బ్యాక్ ఒకటుంది, దానికి నాలుగు మానా పెడితే అది పదవ స్పెల్ అవుతుంది, గ్రేవ్‌యార్డులో పడిన గ్రేప్‌షాట్ మళ్లీ లేస్తుంది. పదకొండవ స్పెల్‌గా దాన్ని వేస్తే పదకొండు దెబ్బలు. తొమ్మిదీ పదకొండూ ఇరవై. ఎదుటివాడి ప్రాణం సరిగ్గా ఇరవై. ఇంకా రెండు మానా, మానామోర్ఫోస్‌లు ఇచ్చిన రెండు కొత్త కార్డులు మన దగ్గరే మిగిలి ఉంటాయి.

ఈ చేతిని మొదటిసారి ఇంట్లో బల్ల మీద పరిచి లెక్క చూసుకున్నప్పుడు, రమ్మీలో జోకర్ అక్కర్లేకుండా అన్నీ సీక్వెన్స్‌లే పడినప్పుడు కలిగే తృప్తి కలిగింది. అయితే అన్ని చేతులూ ఇంత శుభ్రంగా రావు. రెక్‌లెస్ ఇంపల్స్, రెన్స్ రిజాల్వ్ అనే జంట కార్డులు డెక్ పైనుంచి రెండేసి కార్డులను తెరిచి మన తరువాతి వంతు ముగిసేదాకా ఆడుకోనిస్తాయి కనుక, ముందు వంతులో వాటిని వేసి పెట్టుకుని, తెరిచిన కార్డులను తరువాతి వంతులో వాడుకోవడం ఈ డెక్‌లో నేర్చుకోవలసిన మొదటి పాఠం. గ్లింప్స్ ది ఇంపాసిబుల్ మూడు తెరుస్తుంది గాని ఆ వంతులోనే వాడాలి, వాడనివి గ్రేవ్‌యార్డుకు పోతాయి. పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ దగ్గర ఉన్నప్పుడు అది నష్టం కూడా కాదు.

డెక్‌లో నన్ను ఎప్పుడూ సందేహంలో పడేసే కార్డు రాల్, మాన్‌సూన్ మేజ్. రెండు మానాతో వచ్చే ఈ మాంత్రికుడు కూడా మెడాలియన్‌లాగే ఖర్చు తగ్గిస్తాడు, కానీ మన వంతులో స్పెల్ వేసిన ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేయాలి. ఓడితే మనకే ఒక దెబ్బ. గెలిస్తే అతన్ని తిప్పి, ఆ వంతులో వేసిన స్పెల్‌కొకటి చొప్పున అదనపు లాయల్టీ పాయింట్లతో, వాటిని పెంచుతూ తగ్గిస్తూ శక్తులు వాడే ప్లేన్స్‌వాకర్ అనే కార్డుగా దింపవచ్చు. ఎనిమిది లాయల్టీ ఖర్చు చేస్తే డెక్ పైనున్న ఎనిమిది కార్డులు తెరుచుకుని, వాటిలోని స్పెల్లను ఆ వంతులో ఉచితంగా వేసుకోవచ్చు. ఆశ పెట్టేవాడే గాని నమ్మదగినవాడు కాడు. గెలిచిన మొదటి నాణేనికే తొందరపడి తిప్పితే లాయల్టీ చాలదు; తిరిగాక ఖర్చు తగ్గింపు దానంతటది కొనసాగదు, దానికోసం మళ్లీ ఒక లాయల్టీ పెంచే శక్తినే వాడాలి. తిప్పడమా మానడమా అన్నది మన ఇష్టమేనన్న సంగతి చాలామంది కొత్తవారు మరిచిపోతారు. మూడు ప్రాణం మాత్రమే ఉన్న ప్రాణి కనుక, ముందు చెప్పుకున్న లైట్నింగ్ బోల్ట్ భయం ఇతనికి అలాగే ఉంది. అయినా మెడాలియన్లు నాలుగుకు మించి పెట్టుకోలేము గనుక ఇతన్ని వదులుకోలేము.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ డెక్ మీద డబ్బు పెట్టేవారిలో చాలామంది మొదటి నెలలోనే ఆ తప్పు చేస్తారని నా నమ్మకం. మూడవ ఆట, మూడు భూములు. రెండింటితో మెడాలియన్ పెట్టాను, మూడవదానితో రిచువల్ వేశాను, మూడు మానా వచ్చింది. చేతిలో పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ ఉంది, ఖర్చు సరిగ్గా మూడు. వేసేశాను. అప్పుడు చూసుకుంటే గ్రేవ్‌యార్డులోని రిచువల్‌ను లేపడానికి కావలసిన ఆ ఒక్క ఎర్ర మానా నా దగ్గర లేదు. ఇంటి తాళం ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు మర్యాదగా, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి వంతు వదిలేశాను, మరుసటి వంతులో ఓడిపోయాను. మెడాలియన్ ఒకటే ఉన్నప్పుడు పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్‌కు మూడు కాదు, నాలుగు కావాలి అని అప్పటినుంచి కార్డు కవరు వెనుక అతికించుకోలేదు గాని మనసులో మాత్రం అతికించుకున్నాను.

ఇక ఎదుటివారి సంగతి. మొదటి ఆటలో ఈ డెక్‌ను ఆపడం చాలామందికి కష్టం. రెండవ ఆటకు సైడ్‌బోర్డు తెరిచాక కథ మారుతుంది. డ్యాంపింగ్ స్ఫియర్ బల్ల మీదుంటే ఆ వంతులో అంతకుముందు వేసిన ప్రతి స్పెల్‌కూ ఒక మానా చొప్పున తరువాతి స్పెల్ ఖర్చు పెరుగుతుంది, అంటే మన మెడాలియన్ ఇచ్చినదానికి మించి అది త్వరలోనే లాక్కుంటుంది. లేలైన్ ఆఫ్ ద వాయిడ్ ఉంటే మనకు గ్రేవ్‌యార్డే ఉండదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది కన్సైన్ టు మెమరీ. రంగులేని స్పెల్‌ను గాని, దానంతటది మొదలయ్యే గుణాన్ని గాని ఒక్క నీలి మానాతో రద్దు చేసే ఈ కార్డు కూడా మోడర్న్ హొరైజన్స్ 3లోనే వచ్చింది. మెడాలియన్ రంగులేనిది కనుక రెండవ వంతులో దాన్ని కొట్టవచ్చు. ఆ అవకాశం పోతే, చివర్లో గ్రేప్‌షాట్ స్టార్మ్ గుణాన్నే కొట్టి, పంతొమ్మిది నకళ్ల స్థానంలో ఒకే ఒక్క దెబ్బ మిగల్చవచ్చు. డెక్‌ను బతికించిన సెట్టే దానికి విరుగుడునూ వెంట తెచ్చిందన్నమాట.

దీనికి మన వైపు సమాధానాలు లేకపోలేదు గాని, సైడ్‌బోర్డులోని 15 స్థానాల్లో కొన్నిటిని విష్ కోసం గ్రేప్‌షాట్, ఎంప్టీ ద వారెన్స్ వంటివే ఆక్రమించుకోవడం వల్ల రక్షణకు మిగిలే చోటు తక్కువ. ఎంప్టీ ద వారెన్స్ మాత్రం చిన్న చూపు చూడదగినది కాదు. ఇరవైకి చేరలేమని తెలిసినప్పుడు, ఆరు స్పెల్ల తరువాత దాన్ని వేస్తే పద్నాలుగు చిన్న గోబ్లిన్లు బల్ల నిండా దిగుతారు. చాలా డెక్‌లకు వారిని ఊడ్చే చీపురు ఆ సమయానికి చేతిలో ఉండదు.

పోటీలో ఆడదలచినవారు సమయం గురించి కూడా ఆలోచించాలి. మూడింటిలో రెండు గెలవవలసిన రౌండుకు సాధారణంగా 50 నిమిషాలు ఇస్తారు. మన ఒక్క వంతే పది నిమిషాలు సాగితే ఎదుటివారికి విసుగు, రెఫరీకి అనుమానం. మానాకు ఒక పాచిక, స్పెల్ల సంఖ్యకు ఇంకొక పాచిక పెట్టుకుని, ప్రతి అంకెనూ పైకి చెబుతూ ఆడితే గొడవలు రావు. నేను ఏడు, ఎనిమిది అని తెలుగులో గొణుక్కుని ఇంగ్లీషులో పైకి చెబుతాను, తెలుగు లెక్క తప్పిన రోజు లేదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఆడేవారికి మాత్రం తలా 25 నిమిషాల గడియారం నడుస్తూ ఉంటుంది, అన్ని స్పెల్లకూ అన్నన్ని క్లిక్కులు నొక్కాలి కనుక, గెలుస్తున్న ఆటను గడియారానికి ఓడిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

మొన్న సెలవులకు విజయవాడ నుంచి వచ్చిన మా బాబాయి, నలభై ఏళ్లుగా రమ్మీ ఆడుతున్న మనిషి, ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని ఆట చూశాడు. చూసి చూసి, “ఒరేయ్, ఇంతసేపూ నువ్వొక్కడివే ఆడుతున్నావు, ఆ అబ్బాయి ఎప్పుడు ఆడతాడురా?” అన్నాడు. ఈ డెక్‌కు ఉన్న అసలైన లోపం అదే. గెలిచినా ఓడినా ఎదుటివారు ఎక్కువగా ప్రేక్షకులే. స్నేహితులతో సరదాగా ఆడుకోవడానికి డెక్ కావాలనుకునేవారు దీన్ని కొనకపోవడమే మంచిది. రెండు వారాల్లో వారితో ఆడేవారు ఉండరు.

ధర విషయానికి వస్తే, రిచువల్స్, గ్రేప్‌షాట్, మానామోర్ఫోస్ వంటివి ఎన్నోసార్లు ముద్రణ పొందిన కార్డులే కనుక, డబ్బు ముఖ్యంగా మెడాలియన్ల మీద, రాల్ మీద, కొన్ని భూముల మీద పోతుంది. ఒకేసారి మొత్తం కొనవద్దు. పాత కార్డుల మీద పేర్లు రాసిన కాగితం ముక్కలు పెట్టి కవర్లలో దూర్చి, ఎదుటివాడు లేకుండా ఒంటరిగా ఒక యాభై చేతులు ఆడి చూడండి; ఏడు కార్డులు ఎత్తి, ఏ చేతిని ఉంచుకోవాలో, దేన్ని ముల్లిగన్ చేయాలో (అంటే తిరిగి కలిపేసి కొత్త చేతిని ఎత్తుకోవాలో) నిర్ణయించుకుని, నాలుగవ వంతు లోపల ఇరవై దెబ్బలకు ఎన్నిసార్లు చేరారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. అధికారిక పోటీల్లో కాగితం ముక్కలు చెల్లవు గాని, ఇంట్లో బల్ల మీద అవి అసలు కార్డులు చెప్పే నిజమే చెబుతాయి. ఆ యాభై చేతులు అయ్యాక కూడా లెక్క పెట్టడం విసుగనిపించకపోతే, ముందుగా కొనవలసినవి నాలుగు మెడాలియన్లు.