‘కళ్లు తిరుగుతున్నాయమ్మా’ని ఇంగ్లిష్‌లో ఏమని రాయాలి? నర్సుల పదాల కార్డుల డబ్బాపై నా రివ్యూ

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గించానో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

గుంటూరులో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్ల సర్వీసు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. యూకే వెళ్దామని ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రాస్తే మొదటిసారి రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింట్లో 350 దాటాను, రైటింగ్‌లో 290 దగ్గర ఆగిపోయాను. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి రైటింగ్‌లో 300 కావాలి. రిజల్ట్ చూసిన రోజు నైట్ డ్యూటీ ఎలా గడిచిందో నాకు గుర్తులేదు.

రైటింగ్ అంటే ఒక పేషెంటు కేస్ నోట్స్ చూసి ఉత్తరం రాయడం. నా ప్రాక్టీసు ఉత్తరాలు తీసుకెళ్లి, అప్పటికే పరీక్ష పాసైన మా సీనియర్ అక్కకి చూపించాను. ఎర్ర పెన్నుతో నాలుగు చోట్ల గీసింది. ‘హి ఈజ్ వీక్. హి ఈజ్ డిజ్జీ. హి కాంట్ మూవ్ ప్రాపర్లీ.’ అన్నీ తప్పుల్లేని వాక్యాలే. కానీ ఆ ఉత్తరం 180 నుంచి 200 పదాల్లో అయిపోవాలి, కేస్ నోట్స్ చదవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40 నిమిషాలు. ఒక్కో లక్షణానికి ఒక్కో వాక్యం పెట్టుకుంటూ పోతే చోటు ఎక్కడిది? అక్క అదే విషయాన్ని ఒక్క వాక్యంలో రాసి చూపించింది: ‘హి ప్రెజెంటెడ్ విత్ వీక్‌నెస్, డిజ్జీనెస్ అండ్ రెడ్యూస్డ్ మొబిలిటీ.’ “మనం తెలుగులో జరిగింది జరిగినట్టు చెప్తామే. కళ్లు తిరుగుతున్నాయి, కాళ్లు లాగుతున్నాయి అంటాం. డాక్టర్ల ఇంగ్లిష్‌లో అదంతా ఒక్కో పేరైపోతుంది. నీకు ఆ పేర్లు చెయ్యడం రావాలి” అంది. ఆ మాట విన్నాకే ఈ డబ్బా ఆర్డర్ పెట్టాను.

649 రూపాయలు, 300 కార్డులు. అరకిలో స్వీట్ బాక్సంత డబ్బా. ముందువైపు ఇంగ్లిష్ పదం. వెనక అది ఏ మాట నుంచి వచ్చిందో, చివర ఏ ప్రత్యయం చేరిందో, తెలుగు అర్థం, ఆసుపత్రికి సంబంధించిన ఒక వాక్యం. నెస్‌తో అయ్యేవి పసుపు, ఇటీతో అయ్యేవి నీలం, మెంట్ ఆకుపచ్చ, షన్ తెలుపు, మిగిలినవన్నీ గులాబీ. కార్డు మందంగా ఉంటుంది, జేబులో వేసుకుని తిరిగినా మడత పడదు. శానిటైజర్ తగిలితే మాత్రం నీలం అక్షరాలు చెదిరిపోతాయి. చెయ్యి ఆరాకే ముట్టుకోండి.

ఈ రంగుల పద్ధతి చాలా బాగుంది. పసుపు కార్డులు ఓ పాతిక వరసగా చూసేసరికి సూత్రం ఎవరూ చెప్పకుండానే బుర్రకెక్కింది. వీక్, నంబ్, స్టిఫ్ లాంటి గుణం చెప్పే మాటకి నెస్ తగిలిస్తే ఆ గుణానికి పేరు వస్తుంది. డిజ్జీ, డ్రౌజీ లాంటి వాటి చివరున్న వై తీసేసి ఐ పెట్టాలి. అంతకుముందు నేను వై అలాగే ఉంచేసి రాసేదాన్ని. షన్ కార్డుల్లో నాకు పనికొచ్చింది ఇన్‌ఫ్లమేషన్. ఇన్‌ఫ్లేమ్‌లో ఎం ఒక్కటే, ఇన్‌ఫ్లమేషన్‌లో రెండు. వాళ్లు ఆ రెండో ఎం కింద గీత గీసి మరీ అచ్చు వేశారు.

ఒక కార్డు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్లీప్‌లెస్‌నెస్. వెనక మూడు గడులు గీసి స్లీప్, లెస్, నెస్ అని విడదీశారు, కింద ‘నిద్రలేమి’ అని రాశారు. అర్ధరాత్రి రెండింటికి నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని ఆ తెలుగు మాటని కూడా విడదీసి చూశాను. నిద్ర, లే, మి. లెస్‌కి లే, నెస్‌కి మి. గడికి గడి సరిపోయింది! కలిమి, బలిమి, చెలిమి అని చిన్నప్పుడు చదువుకున్నవన్నీ ఇలా మి చేరి అయినవే కదా. గుడ్డితనం, చెవిటితనం అన్నప్పుడు మన తనం చేసే పని బ్లైండ్‌నెస్, డెఫ్‌నెస్‌లో నెస్ చేస్తోంది. నమ్మడం నుంచి నమ్మకం, ఓర్చుకోవడం నుంచి ఓర్పు, మారడం నుంచి మార్పు మనం రోజూ చేసుకుంటూనే ఉన్నాం. ఇంగ్లిష్ మీద నాకున్న భయం ఆ కార్డుతో చాలా తగ్గింది. తర్వాత బ్రెత్‌లెస్‌నెస్, రెస్ట్‌లెస్‌నెస్ ఒక్కసారి చూస్తే చాలు, గుర్తుండిపోయాయి.

ఇక ఆ ఒక్క స్టారు సంగతి.

వెనక ఇచ్చిన తెలుగు అర్థాలు రోగి నోటి నుంచి వచ్చే మాటలు కావు. డిజ్జీనెస్‌కి ‘శిరోభ్రమణం’ అని వేశారు. తొమ్మిదేళ్లలో ఒక్క పేషెంటు కూడా నాతో ఆ మాట అనలేదు. ‘కళ్లు తిరుగుతున్నాయమ్మా’, ‘తల తిప్పుతోంది సిస్టరమ్మా’ అంటారు. నంబ్‌నెస్‌కి ‘స్పర్శరాహిత్యం’ అట. ‘తిమ్మిరెక్కింది’, ‘చెయ్యి మొద్దుబారిపోయింది’ అంటారు. మిర్చి కోతల రోజుల్లో వచ్చే ఆడవాళ్లు ‘చేతులు ఒకటే మంటలు’ అంటే అది బర్నింగ్ సెన్సేషన్. పోయిన చలికాలం ఒక మామ్మ రాత్రంతా మంచం మీద లేచి కూర్చుంటూ, పడుకుంటూ ‘ఎక్కడా కుదురుగా ఉండబుద్ధి కావట్లేదే అమ్మాయ్’ అంది. రెస్ట్‌లెస్‌నెస్ అంటే అదే. కార్డు మీద ‘అవిశ్రాంతత’ అని ఉంది. ఆ మామ్మ అన్న మాటే కార్డు మీద ఉంటే నాకు మధ్యలో ఇంకో తెలుగు నేర్చుకునే పని తప్పేది.

అర్థం కష్టంగా ఉంటే ఎలాగో సర్దుకోవచ్చు. తప్పుగా ఉంటే ఏం చెయ్యాలి? టెండర్‌నెస్ కార్డు చూడండి: ‘మృదుత్వం, సున్నితత్వం’. మామూలు ఇంగ్లిష్‌లో ఆ అర్థం ఉంది, కాదనను. కానీ కేస్ షీట్‌లో అబ్డామినల్ టెండర్‌నెస్ అని ఉంటే కడుపు మెత్తగా ఉందని కాదు, చెయ్యి పెట్టి నొక్కితే నొప్పి ఉందని. అపెండిక్స్ అనుమానం ఉన్న పేషెంటు పొట్ట కుడివైపు కింద డాక్టరుగారు చూసేది దీన్నే. నర్సుల కోసమే చేశామని డబ్బా మీద రాసి, ఈ ఒక్క కార్డు ఇలా వదిలేయడం నాకు నిజంగా బాధనిపించింది. కొత్తగా చేరిన పిల్ల దీన్ని చదివి ఉత్తరంలో తలకిందులుగా అర్థం చేసుకుంటే? తయారు చేసినవాళ్లు ఈ రివ్యూ చదివితే మిగతావి తర్వాత చూసుకున్నా, దీన్ని మాత్రం వెంటనే మార్చండి.

నీలం కార్డుల్లో ఒక లోటు ఉంది. ఇటీ చేరితే ఒత్తి పలికే చోటు మారుతుంది. మొబైల్‌లో మొదటి అక్షరం మీద ఉన్న బరువు మొబిలిటీలో ‘బి’ మీదికి జరుగుతుంది. యాక్టివ్‌లో ‘యా’ ఒత్తుతాం, యాక్టివిటీలో ‘టి’ ఒత్తాలి. నెస్ చేరితే ఇలాంటి గొడవ లేదు, డ్రౌజీని ఎలా పలికితే డ్రౌజీనెస్‌నీ అలాగే. మనం తెలుగులో అన్ని అక్షరాలనీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం కాబట్టి ఇది ఎవరైనా చెప్తే తప్ప తట్టదు. స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, అక్కడ ఇది చాలా అవసరం. కార్డు మీద ఒక్క గుర్తు పెడితే సరిపోయేది.

గులాబీవి కలగూరగంప. కింగ్‌డమ్, నైట్‌హుడ్ లాంటివి వార్డులో నాకెందుకు? వాటిని పక్కన పెట్టేశాను. కానీ అందులోనే త్‌తో అయ్యేవి ఉన్నాయి, వాటిని వదలొద్దు. లాంగ్ నుంచి లెంగ్త్, వైడ్ నుంచి విడ్త్, డీప్ నుంచి డెప్త్. మంచం పట్టినవాళ్లకి వీపు మీద పుండు పడితే మనం చార్టులో కొలిచి రాసేవి ఈ మూడే. స్ట్రాంగ్ నుంచి వచ్చిన స్ట్రెంత్ కండరాల బలానికీ వాడతాం, మాత్ర ఎంత పవరో చెప్పడానికీ వాడతాం. ఈ రెండో వాడుక కార్డు మీద లేదు, పెట్టి ఉండాల్సింది.

నేను చదివిన తీరు ఇది. డ్యూటీకి వెళ్లేటప్పుడు పది కార్డులు జేబులో. పేషెంటు ఏదైనా లక్షణం చెప్పగానే దానికి తగ్గ కార్డు వెనక, అచ్చులో ఉన్న అర్థం కింద, వాళ్ల మాటని పెన్సిల్‌తో రాసుకోవడం. ఎవరి పేరూ రాయలేదు, మాట మాత్రమే. రెండున్నర నెలల్లో 62 కార్డుల మీద అలా రాశాను. రెండోసారి రైటింగ్‌లో 320 వచ్చింది. అక్క దిద్దిన ఉత్తరాలు ఒక సగం చేస్తే, ఈ కార్డులు ఒక సగం చేశాయి.

ఇంగ్లిష్ మీడియంలో చదివి, వాక్యం తేలిగ్గా కట్టేవాళ్లకి 649 పెట్టక్కర్లేదు. నాలా మాట మాటనీ తెలుగులో విని ఇంగ్లిష్‌లోకి తిప్పుకునేవాళ్లు కొనండి, పెన్సిల్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

మా జూనియర్ ఒకమ్మాయి వచ్చే నెలలో పరీక్షకి కూర్చుంటోంది. డబ్బా ఇప్పుడు తన దగ్గరే ఉంది. టెండర్‌నెస్ కార్డు మీద మృదుత్వాన్ని పెన్నుతో కొట్టేసి, ‘ముట్టుకుంటే నొప్పి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.