పాత కారుకు ఈసీఎం పోతే: కొత్తదా, సెకండ్ హ్యాండా, రిపేరా?

ముందే చెప్పేస్తాను. పన్నెండు, పదిహేనేళ్ల కారుకు ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె, పోయిందంటే నా ఓటు దాని లోపలి సర్క్యూట్ బోర్డు రిపేరుకే. అది కుదరకపోతే సెకండ్ హ్యాండ్ ఈసీఎం తెచ్చి, పాతదాంట్లోని డేటాను దాంట్లోకి ఎక్కించుకోవాలి. షోరూమ్‌లో కొత్తది ఆర్డర్ పెట్టడం ఆఖరి మాట. మన తిరుపతిలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు షోరూమ్‌కు పోయి ఎస్టిమేట్ చూసి గుండె పట్టుకుంటారు. తర్వాత ఎవరో చెప్పారని పాత కార్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేటకు బస్సెక్కుతారు. ఈలోగా పాత పెట్టె ఏ గ్యారేజీ మూలకో చేరి కనబడకుండా పోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఎందుకంటే ఈసీఎంలో బోర్డు ఒక ఎత్తు, అందులో రాసున్న డేటా ఒక ఎత్తు. తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్పు ఉంటుంది. దాని కోడ్ సరిపోయి, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌కూ ఈసీఎంకూ లెక్క కుదిరితేనే ఇంజన్ నడుస్తుంది. మారుతీ వాళ్లు ఐక్యాట్స్ అంటున్నది ఈ ఏర్పాటునే. డీజిల్ బండ్లలో ఇంకోటి కూడా ఉంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా కొట్టవు. అందుకే చాలా మోడళ్లలో ఇంజెక్టర్ మీద చెక్కిన కోడ్‌ను ఈసీఎంలో రాసిపెడతారు. ఆ కోడ్‌లకు ఇప్పుడే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, రేపు ఏ దారిన పోయినా అక్కరకొస్తుంది.

అసలు ఈసీఎం పోయిందని తేల్చింది ఎవరు? "స్కానర్ కనెక్ట్ కావడం లేదు సార్" అన్న ఒక్క మాట చాలదు. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైట్ వెలగాలి. వెలగకపోతే ముందు ఫ్యూజులు, మెయిన్ రిలే, బాడీ ఎర్త్ చూడాలి. బ్యాటరీ నెగెటివ్ కేబుల్ బాడీకి బిగించిన చోట తుప్పు పట్టినా ఈసీఎం పలకదు. ఇవన్నీ బాగుంటే సెన్సార్లకు పోయే 5 వోల్టుల సప్లై కొలవాలి. ఒక్క సెన్సార్ షార్టయినా ఆ 5 వోల్టులు పడిపోయి, మొత్తం ఈసీఎం చచ్చినట్టే కనిపిస్తుంది. మల్టీమీటర్ పెట్టి సెన్సార్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే. ఈ పని చేయకుండా "మార్చేద్దాం సార్" అనే మెకానిక్‌కు ఒక నమస్కారం పెట్టి బండి తెచ్చేసుకోవచ్చు.

నిజంగానే పోయి ఉంటే ఎందుకు పోయిందో కూడా తేలాలి. ఇగ్నిషన్ కాయిల్ షార్టయి, ఈసీఎం లోపల దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ను కాల్చిందా? బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ పెట్టారా? జంప్ స్టార్ట్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయా? కారణం తీయకుండా పెట్టె మారిస్తే కొత్తదానికీ అదే గతి.

ఇక రిపేరు సంగతి. మూత చుట్టూ ఉన్న నల్ల సిలికాన్‌ను కోసి తెరిస్తే సగం జబ్బు కంటికే తెలుస్తుంది: ఉబ్బిన కెపాసిటర్, దాని కింద కారి ఎండిన మరక, పచ్చగా తుప్పెక్కిన పిన్నులు, కమిలిపోయిన ట్రాన్సిస్టర్. ఇవి మార్చదగ్గవే. ఖర్చు వేలల్లో పోతుంది, కొత్తదయితే పదుల వేలు. పెట్టె అదే, డేటా అదే కాబట్టి తాళంచెవి గొడవ లేదు. అయితే అన్ని బోర్డులూ రిపేరుకు లొంగవు. కొన్ని ఈసీఎంలలో మామూలు బోర్డు బదులు సిరామిక్ పలక, వెంట్రుకంత సన్నని అల్యూమినియం తీగలు ఉంటాయి. వాటి మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టబోయేవాణ్ని ఆపండి.

సెకండ్ హ్యాండ్‌లో అసలు ప్రమాదం నంబర్ దగ్గరుంది. "మోడల్ అదే కదన్నా" అంటాడు షాపువాడు. మోడల్ ఒకటే అయినా, పాత కాలుష్య ప్రమాణం బీఎస్-3 బండిది ఆ తర్వాతి బీఎస్-4కు పనికిరాకపోవచ్చు. బాష్ కంపెనీ పెట్టె అయితే స్టిక్కర్ మీద పది అంకెల నంబర్ ఉంటుంది, డీజిల్‌కు 0281తో, పెట్రోల్‌కు 0261తో మొదలవుతుంది. ఆ పది అంకెలూ కలవాలి, కింద 1037తో మొదలయ్యే సాఫ్ట్‌వేర్ నంబర్ కూడా కలిస్తే ఇంకా నయం. పుదుపేట అయినా బెంగళూరు జేసీ రోడ్డయినా పాత పెట్టె చేతిలో పట్టుకుని పోవాలి తప్ప ఫోన్‌లో బేరం పనికిరాదు. కనెక్టర్ పిన్నుల మధ్య టార్చి వేసి చూడండి. తెల్ల పొడి, ఎండిన బురద కనిపిస్తే అది వరదలో మునిగిన బండిది. 2021 నవంబర్‌లో తిరుపతి కాలనీల్లో నీళ్లు ఎలా నిలిచాయో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మంచిది దొరికినా బిగించగానే స్టార్ట్ అవుతుందనుకోవద్దు. సెల్ఫ్ తిరిగి ఒక్క క్షణం అందుకుని ఆగిపోతుంది, లేదా అసలు అందుకోదు. పాతదాన్ని చదివి ఆ డేటాను ఇందులోకి ఎక్కించాలి. అది కుదరనప్పుడు అదే బండి ఇమ్మొబిలైజర్, తాళంచెవితో కలిపి సెట్టుగా కొనడం ఇంకో దారి. ఇమ్మొబిలైజర్‌ను పూర్తిగా ఆపేసి ఇస్తామనేవాళ్లూ ఉన్నారు. నేనైతే ఒప్పుకోను. దొంగకు ఒక అడ్డం తగ్గించడానికి మనమే డబ్బులివ్వడం ఏం తెలివి?

షోరూమ్ కొత్తదానికి ఒకటే గొప్ప: బిల్లు, వారంటీ. బోర్డు సిరామిక్‌ది అయి కాలిపోయినా, పాత డేటా చదవడానికే రాకపోయినా ఇక కొత్తదే గతి. జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది కాబట్టి ఆ కంపెనీ బండి టవేరా ఉన్నవాళ్లకు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఆర్సీ గడువు కూడా చూసుకోండి. పదిహేనేళ్లకు రెన్యువల్ చేయించాలి, 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజే 5,000 రూపాయలు. ఏడాదిలో అమ్మేసే బండికి కొత్త ఈసీఎం పెడితే, ఆ డబ్బు కొనేవాడు తిరిగివ్వడు.

ఏది పెట్టించినా వెంటనే కొండకు బయల్దేరవద్దు. సోల్డర్ పగులు చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిపించి, వేడెక్కాక విడిపోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ ఒకటి రెండు సార్లు తొక్కేసరికి బ్రేక్‌కు బలమిచ్చే బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి చంద్రగిరి దాకా రెండు మూడు సార్లు తిప్పండి, ఆగకుండా వచ్చిందంటే అప్పుడు అలిపిరి వైపు చూడండి.

ట్రావెల్స్ బండికి మాత్రం నా లెక్క మారుతుంది. బోర్డును కొరియర్‌లో పంపి ఎదురుచూసే రోజుల్లో కిరాయి పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. వాళ్లకు సెకండ్ హ్యాండ్, డేటా ఎక్కించడమే మేలు. పాతది తీరిగ్గా రిపేరు చేయించి స్పేర్‌గా పెట్టుకోవచ్చు. అయితే డేటా చదవాలంటే పాత పెట్టెలో కాస్తయినా ప్రాణం ఉండాలి కదా. బండి ఒకసారి స్టార్టయి ఒకసారి మొరాయించడం మొదలుపెట్టిన వారంలోనే చదివించి, ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.