జెడ్డా కార్నిష్ శిల్పాలు: పొద్దుగూకాక వెళ్లండి

జెడ్డాలో ఉండే మనవాళ్లు సెలవు రోజు కార్నిష్‌కి, అంటే సముద్రం ఒడ్డున ఉన్న షికారు దారికి వెళ్తారు, బిర్యానీ డబ్బా విప్పుతారు, సముద్రం చూస్తారు, కానీ అల్ హమ్రా వైపు ఉన్న ఆ శిల్పాల దగ్గర మాత్రం ఆగరు. 1970లలో అప్పటి మేయర్ మహమ్మద్ సయీద్ ఫార్సీ నగరమంతా శిల్పాలు పెట్టించే పని మొదలుపెట్టాడు. హెన్రీ మూర్, మీరో, కాల్డర్, ఆర్ప్, ఇలా ప్రపంచమంతా పేరున్న కళాకారులవి! టికెట్ కూడా లేదు. మనిషి రూపాలు పెట్టకూడదన్న పట్టింపు వల్ల చాలావరకు వంపులూ కోణాలే. మూర్ కంచు శిల్పం చూసి మావాడు "బొంగరమా నాన్నా?" అన్నాడు, తీరా దాని పేరులో ఉన్నది కదురు, వాడు మరీ దూరం పోలేదు. కాల్డర్‌ది నాకైతే ఎక్కలేదు. ఎండాకాలం పగలు మాత్రం వద్దు, ఉక్కపోతకి చొక్కా పిండుకోవాలి.