ఇంటి మురుగునీటిలో ఏది పెంచితే మేలు: క్లోరెల్లా, స్పిరులినా, అజొల్లా?

ముందు మీ ఇంట్లో వచ్చేది ఏ నీరో తేల్చుకోవాలి. అంట్లు తోమినవి, స్నానాలవి, బట్టలు ఉతికినవి ఒక రకం. మరుగుదొడ్డి నీళ్లు కూడా కలిసి సెప్టిక్ ట్యాంకు దాటి వచ్చేవి ఇంకో రకం. ఇంటి మురుగులో ఉండే నత్రజనిలో సుమారు 80 శాతం, భాస్వరంలో సగం దాకా మూత్రం నుంచే వస్తాయి. కాబట్టి ఒట్టి సబ్బునీళ్లలో నాచుకు నత్రజని చాలదు. పచ్చబడటం లేదని విత్తనం (నాచు ఉన్న పచ్చనీళ్లు) మార్చి మార్చి వేసేవాళ్లు చూడాల్సింది ముందు దీన్నే.

ముందు క్లోరెల్లా సంగతి, ఇది ఒక్కో కణంగా నీటిలో తేలే ఆకుపచ్చ నాచు. 1950ల్లో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ మురుగునీటికి నాచు చెరువులు రూపొందించినప్పటి నుంచి సూత్రం మారలేదు: లోతు తక్కువ, ఎండ ఎక్కువ, నీరు కదులుతూ ఉండాలి. ఇంటికైతే 100 లీటర్ల వెడల్పాటి తొట్టిలో 25 సెంటీమీటర్లకు మించకుండా నీళ్లు పెట్టండి. 15-20 లీటర్లు పచ్చనీళ్లు విత్తనంగా చాలు, దగ్గర్లో పచ్చబడిన ఏ తొట్టి నుంచైనా తెచ్చుకోవచ్చు. స్వచ్ఛమైన క్లోరెల్లా కొనడం డబ్బు దండగ. మూత లేని తొట్టిలో కొన్నాళ్లకు సెనెడెస్మస్ లాంటి వేరే నాచులు వాటంతటవే చేరతాయి, పని అవీ చేస్తాయి.

వాడిన నీళ్లను జిడ్డు తేరేదాకా కొన్ని గంటలు ఆపి, గుడ్డలో వడకట్టి పోయాలి. ఒక రోజు దాటితే కుళ్లి నల్లబడతాయి, నల్లనీటిలో వెలుతురు దిగదు. తొట్టి బాగా పచ్చబడటానికి వారం పది రోజులు పడుతుంది. ఆ తర్వాత రోజూ 20 లీటర్లు తీసి 20 లీటర్లు కొత్తవి పోయండి. సబ్బునీళ్లే అయితే ఆ 20 లీటర్లకు 150-200 మిల్లీలీటర్ల మూత్రం కలపాలి. ఇది తెల్లవారగానే చేయాల్సిన పని. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో సాయంత్రానికి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 9 దాటుతుంది. అప్పుడు మూత్రం పోస్తే అందులోని అమ్మోనియా విషవాయువుగా మారి నాచునే చంపుతుంది. కలియబెట్టడానికి అక్వేరియం గాలి పంపు ఒకటి చాలు. లేకపోతే రోజుకు నాలుగైదుసార్లు కర్రతో తిప్పండి. కదలని నీటిలో దోమలు గుడ్లు పెడతాయి.

చిక్కదనం చూడటానికి తెల్ల పళ్లేన్ని నీటిలోకి దించండి. 8-10 సెంటీమీటర్ల లోతులో కనపడకుండా పోతే బాగున్నట్టు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న తొట్టి ఒక్కరోజులో తేటబడితే గాజుగ్లాసులో పట్టి వెలుతురుకు అడ్డంగా చూడండి. గెంతుతూ తిరిగే చుక్కలు డాఫ్నియా పురుగులు, నాచును తినేస్తున్నవి అవే. నైలాన్ గుడ్డలో వడకడితే అవి పైన మిగిలిపోతాయి, నాచు కిందికి దిగుతుంది. నాచును తినే ఇంకో రకం సూక్ష్మజీవులు రోటిఫర్లు, వాటిలో చిన్నవి గుడ్డలోంచి కూడా జారిపోతాయి. అప్పుడు తొట్టి కడిగి, ఎండబెట్టి, మళ్లీ మొదలుపెట్టడమే దారి. అందుకే రెండు లీటర్ల సీసాలో మంచి పచ్చనీళ్లు ఎప్పుడూ విడిగా దాచుకోవాలి.

అసలు కష్టం కోతలో ఉంది. క్లోరెల్లా కణం 2-10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఏ గుడ్డకూ చిక్కదు. 100 లీటర్లకు 15-20 గ్రాముల పటిక కలిపి అరగంట ఆగితే అడుగుకు దిగుతుంది. కానీ ఆ ముద్దలో అల్యూమినియం మిగులుతుంది, పశువులకు పెట్టకూడదు. ఇంతా చేసి, రోజూ తీసే 20 లీటర్లలో దొరికేది 6-10 గ్రాముల ఎండు నాచు. దానికోసం పటిక కొనడం, ఆరబెట్టడం మాకు దండగనిపిస్తుంది. తీసిన పచ్చనీళ్లను నేరుగా మొక్కల మొదళ్లలో పోస్తే నత్రజని, భాస్వరం మట్టికే చేరతాయి. క్లోరెల్లా విలువ ఈ వాడకంలోనే ఉంది. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం పోయొద్దు, ఎండ తగిలినంత మాత్రాన క్రిములన్నీ చావవు.

స్పిరులినా అనే నీలి ఆకుపచ్చ నాచు తీగలా ఉంటుంది కాబట్టి సన్నటి గుడ్డలోనే వడకట్టొచ్చు. కానీ దానికి పీహెచ్ 9-10.5 కావాలి. అందుకు లీటరుకు 8 గ్రాముల దాకా వంటసోడా వేయాలి, అంటే 100 లీటర్లకు 800 గ్రాములు. ఆ ఉప్పునీళ్లు పోస్తే మొక్కలు మాడతాయి. మురుగులో పెరిగినదాన్ని మనుషులు తినకూడదు. ఇక ఎందుకు?

అజొల్లా మన పాడిరైతులకు తెలిసిన, నీటిపై తేలే మొక్కే, నాచు కాదు. ఆకుల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి, మూత్రం కలపని సబ్బునీళ్లలో కూడా భాస్వరం ఉన్నంత మేరకు పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల నీరు, టార్పాలిన్ గుంట, పైన షేడ్ నెట్ ఉంటే సరిపోతుంది. జల్లెడతో దేవేయొచ్చు, పటిక అక్కర్లేదు. అయితే బ్లీచింగ్, వాషింగ్ మెషిన్ మొదటి విడత చిక్కటి సబ్బునీళ్లు దీనికి పడవు. 35 డిగ్రీలు దాటితే కుంగిపోతుంది. ఆకు ఎర్రబడితే భాస్వరం తక్కువైందేమో, ఎండ ఎక్కువైందేమో చూడండి. నత్రజనిని నీటిలోంచి తీసే పని మాత్రం దీన్నుంచి పెద్దగా ఆశించకూడదు.

మా మాట: ఒట్టి సబ్బునీళ్లయితే అజొల్లా, సెప్టిక్ ట్యాంకు దాటిన నీళ్లయితే క్లోరెల్లా. ఈ రెండో నీటిలో పెంచిన ఏదైనా సరే, పశువులకు పెట్టకుండా కంపోస్టులో వేయండి. స్థలం లెక్క కూడా ముందే చూసుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే నలుగురున్న ఇంటికి సుమారు 430 లీటర్లు. అయిదు రోజుల నిల్వకు, 25 సెంటీమీటర్ల లోతులో, ఎనిమిదిన్నర చదరపు మీటర్ల ఎండ తగిలే చోటు కావాలి. మిద్దెపైన అంత నీరు పెడితే రెండు టన్నులు దాటుతుంది. ముందు ఇంజినీరును అడగండి, లేదంటే నేల మీదే పెట్టుకోండి.