పెద్ద లెన్స్ కింద ఒంటికాలు: మోనోపాడ్, బాల్‌హెడ్‌తో నాలుగేళ్లు

కుడి భుజం పట్టేసి రెండు నెలలు చెయ్యి పైకి లేవని రోజుల్లో మోనోపాడ్, అంటే కెమెరా బరువును నేలమీద ఆనించే ఒంటికాలి కర్ర, కొన్నాను. అప్పటిదాకా నికాన్ డి7500 కెమెరాకు 200-500 ఎఫ్/5.6 లెన్స్ తగిలించి చేత్తోనే పట్టుకుని తీసేవాణ్ని. కాలర్‌తో (లెన్స్ చుట్టూ ఉండే కడియం, కర్రకు బిగించేది దాన్నే) కలిపి ఆ లెన్స్ 2,300 గ్రాములు, బాడీ 720. మొత్తం మూడు కిలోలు. ఎత్తగానే పెద్ద బరువనిపించదు. కంటి దగ్గర పెట్టుకుని పావుగంట కాచుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

నేను ఎక్కువగా వెళ్లేది రోళ్లపాడుకు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా బైక్ మీద పోతాను. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించిన గడ్డిమైదానం అది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల జిల్లాలోకి పోయింది. బట్టమేక పిట్ట నాకు అక్కడ ఒక్కసారీ కనబడలేదు, ఆ బాధ ఉంది. కృష్ణజింకలు మాత్రం మందలుగా కనిపిస్తాయి. చలికాలంలో హారియర్ గద్దలు వస్తాయి, పొద్దుగూకే వేళ గడ్డి మీద తేలుతూ తిరుగుతాయి. అక్కడ చెట్టు లేదు, గోడ లేదు, ఆనుకోవడానికి ఏదీ దొరకదు. ట్రైపాడ్ తీసుకెళ్లి చూశాను. కాళ్లు విప్పి సర్దుకునేలోపు జింక తల తిప్పుకుని పోతుంది. బైక్ మీద దాన్ని మోయడం ఇంకో కష్టం.

నాలుగేళ్ల వాడకంలో నాకు బాగా అర్థమైన సంగతి ముందే చెప్పేస్తాను. పెద్ద లెన్స్ ఉన్నవాళ్లు మోనోపాడ్ కర్ర మీద డబ్బు పెట్టండి. కర్ర కొసన కెమెరాను అన్ని వైపులా తిప్పే గుండు బిగింపు, అంటే బాల్‌హెడ్, దాని మీద పెట్టకండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను దీన్ని తలకిందులుగా చేసి నష్టపోయాను.

మొదట కొన్న మోనోపాడ్ ఆన్‌లైన్‌లో చవకగా వచ్చింది. కంపెనీ పేరు అనవసరం. డబ్బా మీద ఎనిమిది కిలోలు మోస్తుందని రాసి ఉంది. నా సామాను మూడు కిలోలే కదా, చాలా ఎక్కువే అనుకున్నాను. తిప్పి బిగించే లాకులు, అయిదు ముక్కలు. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత ఒకరోజు జింకను ఫ్రేములో పెట్టుకుని చూస్తుంటే జింక మెల్లగా పైకి పోతున్నట్టు అనిపించింది. కదులుతున్నది జింక కాదు, నా కర్ర కిందికి దిగుతోంది. అడుగు ముక్క రెండు అంగుళాలు లోపలికి జారిపోయింది. ఎంత గట్టిగా తిప్పినా అదే తంతు. ఇంటికొచ్చి విప్పి చూస్తే లాకు లోపల ప్లాస్టిక్ బుష్ మీద మెత్తటి దుమ్ము పేరుకుని నున్నగా అయిపోయి ఉంది. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గుడ్డతో తుడిచి మళ్లీ బిగిస్తే పది రోజులు జారకుండా నిలిచింది. ఆ తర్వాత మళ్లీ జారింది.

డబ్బా మీద రాసే కిలోలు కొత్త కర్ర మీద నిలువుగా బరువు పెట్టినప్పటి లెక్క. మనం వాడేటప్పుడు పై నుంచి చేత్తో అదుముతాం, కర్ర మీదికి వాలుతాం, మధ్యలో దుమ్ము కూడా చేరుతుంది. అందుకే నా సామాను బరువుకు మూడింతలకు తక్కువ రాసిన కర్రను ఇప్పుడు చూడను కూడా చూడను.

రెండోది నాలుగు ముక్కల అల్యూమినియం కర్ర, మడతపెట్టి నొక్కే ఫ్లిప్ లాకులది. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఫ్లిప్ లాకు పడిందో లేదో కంటితోనే తెలుస్తుంది. వదులైతే పక్కనున్న నట్టును చిన్న పానాతో పావు చుట్టు తిప్పితే మళ్లీ గట్టిపడుతుంది. మన ఎర్రదుమ్ముకు ఇదే నయం. దీనికీ ఒక ఇబ్బంది ఉంది, తుమ్మచెట్ల పక్కన నడిచేటప్పుడు ఆ లాకులు కొమ్మలకు, చొక్కాకు తగులుకుంటాయి. ముక్కలు ఎంత తక్కువుంటే కర్ర అంత బిగువుగా ఉంటుంది, ఎందుకంటే అడుగు ముక్క మరీ సన్నబడదు. మూడు ముక్కలది ఇంకా మేలే గానీ మడిచినా పొడవుగా ఉండి బైక్‌కు కట్టడం కుదరలేదు.

ఎత్తు చూసుకునేటప్పుడు చాలామంది కంటి ఎత్తు సరిపోతే చాలనుకుంటారు. చెట్టు మీద పిట్టను తీయాలంటే లెన్స్ పైకి ఎత్తాలి, అప్పుడు కెమెరా వెనక భాగం కిందికి దిగుతుంది, మనం వంగాల్సి వస్తుంది. గట్టు మీద నిలబడి కర్రను కింద పెట్టాల్సి వచ్చినా అంతే. హెడ్‌తో కలిపి నా కంటికి ఒక జానెడు పైకి వచ్చే కర్ర తీసుకున్నాక ఆ ఇబ్బంది పోయింది.

కార్బన్ ఫైబర్‌దా, అల్యూమినియందా అని అందరూ అడుగుతారు. కార్బన్ తేలిక, దాంట్లో అనుమానం లేదు. మూడు కిలోల సామాను మోసేవాడికి ఆ రెండు మూడు వందల గ్రాముల తేడా పెద్దగా తెలియదు. తేడా తెలిసేది మే నెలలో. నలభై దాటిన ఎండలో గంటసేపు బైక్‌కు కట్టిన అల్యూమినియం కర్రను వట్టి చేత్తో పట్టుకోలేం. ఆ వేడికే రెండో ఎండాకాలంలో పైనున్న ఫోమ్ గ్రిప్ కింద జిగురు కరిగింది. పట్టుకుని తిప్పితే ఫోమ్ ఒక్కటే తిరిగేది, కర్ర అక్కడే ఉండేది. దాన్ని కోసేసి, కర్రకు అంటిన జిగురును కిరోసిన్ గుడ్డతో తుడిచి, స్పోర్ట్స్ షాపులో దొరికే క్రికెట్ బ్యాటు రబ్బరు గ్రిప్ ఎక్కించాను. రెండేళ్లయింది, కదల్లేదు. చేతికి చెమట పట్టినా జారదు.

ఇక బాల్‌హెడ్. ట్రైపాడ్ అలవాటుతో మోనోపాడ్‌కూ అది ఉండాల్సిందే అనుకున్నాను. 36 ఎంఎం గుండు ఉన్నది కొన్నాను. హెడ్ బరువే నాలుగు వందల గ్రాములు. గుండు నున్నగా తిరుగుతుంది, బిగువు సర్దుకునే చిన్న మర వేరే ఉంది. ట్రైపాడ్ మీద పెడితే వంక పెట్టేందుకేమీ లేదు. మోనోపాడ్ మీద పెద్ద లెన్స్‌తో మాత్రం ఆరు నెలలు దానితో కుస్తీ పట్టాను. మర బిగిస్తే లెన్స్ కదలదు, జింక వెంట తిప్పలేం. వదులు చేస్తే లెన్స్ మూతి ముందుకు పడిపోతుంది, లేదంటే పక్కకు ఒరుగుతుంది. ఒకసారి అలా ఒరిగి లెన్స్ కాలరు, కర్ర మధ్య నా బొటనవేలు ఇరుక్కుంది. గోరు నల్లబడి ఊడిపోయింది.

తప్పు హెడ్‌ది కాదని కొన్నాళ్లకు తెలిసింది. మోనోపాడ్‌కు నేల దగ్గర ఇప్పటికే ఒక కీలు ఉంది. కర్ర అడుగు నేలమీద ఏ వైపుకైనా వాలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. పైన ఇంకో గుండు పెడితే కర్ర రెండు కీళ్ల మధ్య ఊగే పుల్ల అయిపోతుంది. రెండింటినీ ఒకేసారి అదుపులో పెట్టడం మన చేతుల వల్ల కాదు. పెద్ద లెన్స్‌కు కావాల్సిన కదలికలు చూడండి. అడ్డం ఫ్రేమును నిలువుకు మార్చాలంటే లెన్స్ కాలరు తిప్పితే చాలు. పక్కకు తిరగాలంటే కర్రతో సహా మనమే తిరుగుతాం. మిగిలింది పైకీ కిందికీ వంచడం ఒక్కటే. ఆ ఒక్క పనికి ఒకే దిక్కు వంగే టిల్ట్ హెడ్ చాలు. బాల్‌హెడ్ కంటే తేలిక, ధర కూడా తక్కువ.

టిల్ట్ హెడ్ కొనేటప్పుడు ఒకటి గమనించండి. ఆర్కా ప్లేటును (కెమెరాకో లెన్స్‌కో అడుగున బిగించే లోహపు పలక) పట్టుకునే క్లాంపు ఏ దిక్కుకు ఉందో చూడాలి. కెమెరా అడుగున వేసే ప్లేటు అడ్డంగా ఉంటుంది, లెన్స్ కాలరుకు వేసేది లెన్స్ పొడవునా ఉంటుంది. చాలా టిల్ట్ హెడ్లు కెమెరా ప్లేటుకు తగ్గట్టు వస్తాయి. లెన్స్‌ను అలాగే ఎక్కిస్తే అది ముందుకు వెనక్కి కాకుండా పక్కలకు వంగుతుంది. నాది కూడా అలాగే వచ్చింది. అలెన్ కీతో క్లాంపు మధ్య మర విప్పి, తొంభై డిగ్రీలు తిప్పి బిగించాను. అలా విప్పడానికి వీలున్న హెడ్డే తీసుకోండి. ప్లేటు కూడా పొడవుది కొనండి. ఈ లెన్స్ జూమ్ చేస్తే ముందుకు సాగుతుంది, బరువూ ముందుకు పోతుంది. నేను 500 దగ్గర పెట్టి, చెయ్యి వదిలినా మూతి వాలని చోటు చూసుకుని ప్లేటు మీద మార్కర్‌తో గీత గీసుకున్నాను. చీకట్లో కూడా వేలితో తడిమి అక్కడికి జరపగలను.

మర ఊడే సంగతి ఎవరూ చెప్పరు, అది చెప్పి తీరాలి. ఒక జనవరి సాయంత్రం హారియర్ ఒకటి కుడి నుంచి ఎడమకు గడ్డి మీద తేలుతూ పోతోంది. దాని వెంట లెన్స్ తిప్పుతూ తీస్తున్నాను. మూడో నాలుగో సారికి లెన్స్ చేతిలో కొద్దిగా లొడలొడలాడింది. చూస్తే హెడ్ కర్ర మీద నుంచి సగం ఊడి ఉంది. అడుగు రబ్బరు నేలను పట్టుకుని కర్రను తిరగనివ్వలేదు, నేను లెన్స్‌ను ఎడమకు తిప్పిన ప్రతిసారీ హెడ్ కింద మర కొంచెం కొంచెం విప్పుకుంది. లెన్స్ పట్టీ మెడలో ఉంది కాబట్టి సరిపోయింది. పట్టీ మెడలో లేకుండా మోనోపాడ్ వాడవద్దు. ఆ రోజు నుంచి హెడ్‌కు కర్రకు మధ్య పాత సైకిల్ ట్యూబ్ నుంచి గుండ్రంగా కత్తిరించిన రబ్బరు ముక్క వేసి బిగిస్తున్నాను. మళ్లీ వదులు కాలేదు. కొన్ని కర్రలకు పై పళ్లెంలో చిన్న అలెన్ మరలు ఉంటాయి, హెడ్ అడుగును కింది నుంచి పట్టుకుంటాయి. అవి ఉంటే ఇంకా మంచిది. పైన మర 3/8 అంగుళాలదా, పావు అంగుళందా కూడా చూసుకోండి. హెడ్‌కు సాధారణంగా 3/8 కావాలి, తేడా వస్తే ఇత్తడి బుష్ తీసుకోవాల్సి ఉంటుంది.

నిలబడే పద్ధతి నాకు నేర్పింది ఒక గొర్రెల కాపరి. మొదట్లో కర్రను కాళ్ల మధ్య నిటారుగా పెట్టుకుని ఊగిపోతూ తీసేవాణ్ని. పెద్దాయన కాసేపు చూసి దగ్గరికొచ్చాడు.

“సార్, కట్టెను అట్ల నిలువుగా పెడితే యాడ నిలుస్తాది? రొంత ముందరికి పెట్టి దాని మీదికి వాలల్ల. మేము దినమంతా నిలబడేది అట్లనే.”

తన కర్రను ఒక అడుగు ముందుకు నాటి, రెండు కాళ్లు ఎడంగా పెట్టి, ఛాతీతో కర్ర మీదికి వాలి చూపించాడు. రెండు కాళ్లు, ఒక కర్ర కలిసి ముక్కాలిపీట. అలాగే చేశాను. ఎడమ చెయ్యిని లెన్స్ కిందనుంచి తీసి లెన్స్ మీద పెట్టి కొద్దిగా కిందికి అదమడం నేను తర్వాత కలుపుకున్నది. ఊపిరి సగం వదిలి, బటన్ ఒక్కసారి నొక్కి మూడు నాలుగు ఫ్రేములు తీస్తాను. వేలు పెట్టిన కదలిక మొదటి ఫ్రేములో పోతుంది, రెండోది, మూడోది నిలుస్తాయి.

లెక్కలో చెప్పాలంటే, ఈ బాడీలో సెన్సర్ చిన్నది కాబట్టి 500 ఎంఎంకు 1.5 రెట్లు వేస్తే 750 అవుతుంది. చేత్తో తీసేటప్పుడు షట్టరు వేగం 1/750 సెకను కంటే తగ్గించకూడదని పాత లెక్క. వీఆర్ (వణుకును తగ్గించే లెన్స్‌లోని ఏర్పాటు) ఆన్‌లో ఉంచి, మోనోపాడ్‌తో కదలకుండా నిలబడ్డ జింకను 1/160 దగ్గర ధైర్యంగా తీస్తున్నాను. 1/60 దగ్గర పదికి మూడు నాలుగు ఫొటోలు బాగా వస్తాయి. దానివల్ల పొద్దుగూకాక కూడా ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) తక్కువలో ఇంకో ఇరవై నిమిషాలు తీయగలుగుతున్నాను. నాకు ఆ ఇరవై నిమిషాలే ముఖ్యం, హారియర్లు గడ్డిలో దిగేది అప్పుడే. జింక పరుగెడితే మాత్రం కర్ర ఏమీ చేయలేదు, షట్టరు పెంచాల్సిందే. తలమీద ఎగిరే పిట్టలకు కర్ర అడ్డం, దాన్ని లేపి చేత్తోనే తీస్తాను. కారు కిటికీలోంచి తీసేవాళ్లకు బియ్యం నింపిన గుడ్డసంచి దీనికంటే మేలు.

పక్కన పడేసిన బాల్‌హెడ్‌కు పని దొరికింది బెలుం గుహల్లో. కొలిమిగుండ్ల దగ్గర, 3,229 మీటర్ల పొడవున ఉన్న గుహలు. లోపల ఉక్క, వెలుగు తక్కువ, సందర్శకులు నడిచే ఇరుకు దారిలో ట్రైపాడ్ పరిస్తే అందరికీ అడ్డం. అక్కడ చిన్న వైడ్ లెన్స్‌తో మోనోపాడ్ మీద బాల్‌హెడ్ పెట్టాను. కెమెరాను నిలువుకు తిప్పాలంటే ఈ లెన్స్‌కు కాలరు లేదు, గుండు ఉండాల్సిందే. కర్రను ఏటవాలుగా పెట్టి రాతిగోడకు ఆనించి, గుండును పూర్తిగా బిగించి తీస్తే 1/4 సెకను కూడా నిలబడింది. నేల మీద కాలు, గోడ ఆనిక రెండూ కలిస్తే ఊగడానికి చోటుండదు. కాబట్టి చిన్న లెన్స్‌లతో గుడుల్లో, గుహల్లో తీసేవాళ్లకు బాల్‌హెడ్ సరైనదే. చిన్నది, తేలికైనది సరిపోతుంది.

అడుగున మూడు బుల్లి కాళ్లు విప్పే రకాలు కూడా ఉన్నాయి. పెళ్లి వీడియోలు తీసే మిత్రుడి దగ్గర ఉంది, వీడియోకు బాగుంది. దాని మీద కెమెరా నిలబెట్టి చేతులు వదిలే పని మాత్రం పెట్టుకోకండి.

అడుగు రబ్బరు మూడో ఏడాదికి అరిగిపోయింది. ఓర్వకల్లు రాళ్ల మీద ఎక్కువ తిరిగినందువల్ల కాబోలు, ఒకవైపు లోహం బయటపడింది. నల్లరేగడిలో పదును ఉన్నప్పుడు అది మట్టిలోకి దిగబడిపోయేది, రాతి మీద జారేది. ఆ కంపెనీ విడి రబ్బరు ఎక్కడా దొరకలేదు. చివరికి పెద్దాసుపత్రి ఎదురుగా మెడికల్ షాపులో ముసలివాళ్ల చేతికర్రలకు వేసే రబ్బరు బుష్‌లు వరుసగా వేలాడుతుంటే కర్ర తీసుకెళ్లి ఒక్కొక్కటీ తొడిగి చూశాను. నాలుగోది బిగువుగా పట్టింది. పాతదానికంటే వెడల్పు, లోపల ఇనుప బిళ్ల కూడా ఉంది. రెండు కొని ఒకటి కెమెరా సంచిలో వేసుకున్నాను.